అమ్మ పత్తి తొక్కిన రోజు

“ఇంట్లో గిన్నెలు లేవా అత్తా?”

కమలమ్మ గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. కోపం వస్తే మరీ చిన్నదైపోతుంది. వంటింటి గడప దగ్గర నిలబడి ఆమె చూస్తున్నది పెరటి మెట్టు మీద కూర్చున్న కూతురి ఒడిని. పదకొండేళ్ళ నాగరత్న ఒడి నిండా బొరుగులు. వట్టి బొరుగులైతే దులిపితే పోయేవి. ఇవి శెనక్కాయ నూనె, దంచిన పచ్చిమిరపకాయ, తరిగిన ఉల్లిగడ్డ, పుట్నాల పొడి అన్నీ పట్టించినవి. అవ్వ తుంగమ్మ తన చేత్తోనే కలిపి, మనవరాలి పావడాను దోనెలా పట్టించి అందులో కుమ్మరించింది.

“గిన్నెలూ ఉండాయి, ఒడీ ఉండాది,” అంది తుంగమ్మ తాపీగా. “ఒడిలో పోసుకుంటే తిరుక్కుంటా తినొచ్చు. గిన్నెయితే ఒక చెయ్యి దాన్ని పట్టుకునేదానికే పోతుంది.”

“తిరుక్కుంటా ఏమిటికి తినల్ల? కూర్చొని తింటే అరగదా?”

“కూర్చొని తినేది ముసలోళ్ళు. మేం ఎమ్మిగనూరులో గిన్నె మొగం ఎరగం తల్లీ. బొరుగులు, రేగ్గాయలు, పచ్చి శెనక్కాయలు, అన్నీ ఒడిలోనే. తింటా మగ్గాల సందులెంబడి పరిగెత్తేవాళ్ళం.”

“నూనె మరక పోదత్తా. కొత్త పావడా.”

“పోకుంటే ఉంటుంది. మరకేమన్నా కరుస్తాదా?”

రత్న ఇద్దరి మొహాలూ చూస్తూ నమిలే వేగం పెంచింది. పెద్దవాళ్ళ తగాదా ఏ క్షణాన్నయినా బొరుగుల మీదికి మళ్ళుతుందని ఆ పిల్లకు బాగా తెలుసు. అనుకున్నట్టే అయింది. కమలమ్మ ఇత్తడి గిన్నె తెచ్చి ముందు పెట్టి, బొరుగులన్నీ అందులో పోయించి, మరక మీద శనగపిండి అద్దింది. అద్దుతూ, “ఎల్లుండి పెట్టెలో పెట్టాల్సిన పావడా ఇది,” అంది.

ఆ ఒక్క మాటతో నోట్లోని బొరుగులు చప్పబడిపోయాయి.

పెట్టె అంటే కొత్త రేకుపెట్టె. నాయన పంపాపతి శెట్టి ఊళ్ళోనే, ఆదోని బజారులో కొనుక్కొచ్చాడు. మూత మీద ఎర్రటి గులాబీలు వేసి ఉన్నాయి. పడసాల మూలలో అది నోరు తెరుచుకుని కూర్చుంది. ఎల్లుండి శుక్రవారం రత్న దానితోపాటు రైలెక్కి బళ్ళారిలో పెద్దమ్మ ఇంట్లో ఉండి పెరిగేందుకు పోవాలి. పోయినేడు ఒకసారి రత్న అక్కడికి వెళ్ళి నాలుగు రోజులు ఉంది. పెద్దమ్మ కూతుళ్ళు ఇద్దరూ బెంచీ మీద కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుంటారు. హార్మోనియం నేర్పేందుకు ఒకామె, అల్లికలు నేర్పేందుకు ఇంకొకామె వస్తారు. వీధి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. గట్టిగా నవ్వితే పెద్దమ్మ ఏమీ అనదు, తిరిగి చూస్తుంది. అంతే. రత్న ఆ నాలుగు రోజుల్లో పరిగెత్తింది ఒక్కసారి, ఇంటికి వచ్చేటప్పుడు స్టేషన్‌లో.

కమలమ్మ పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే. పెద్దమ్మ మొగుడు ఇల్లరికం వచ్చినవాడు. ఆ పెంపకం వల్లనే తాను పన్నెండేళ్ళకు కాపురానికి వచ్చినా ఎవరిచేతా మాట పడలేదని ఆమె నమ్మకం. కూతురు కూడా అట్లా మాట పడకూడదు. ఆమె కోరిక అదొక్కటే. పంపాపతి శెట్టికి మండీలో పత్తి ధర తప్ప ఇంటి సంగతులు పట్టవు కాబట్టి ఊఁ అన్నాడు. ఒక్క తుంగమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

“ఇంకొన్నేండ్లు ఎగరనీ దాన్ని. మళ్ళా ఎగరమన్నా ఎగరలేదు,” అని రోజూ ఏదో ఒక పూట అంటూనే ఉండేది. అని, ఊరుకునేది కాదు. తన చిన్నతనం మొదలుపెట్టేది. మగ్గం గుంతలో దాక్కుని నిద్రపోతే ఊరంతా వెతకడం, ఏరు తగ్గితే చేతులతో చెలమలు తవ్వడం, చింతగింజలు సగానికి అరగదీసి బారకట్ట ఆడటం. వినేకొద్దీ రత్నకు ఆశ, దానివెంటే ఏడుపు. ఈ అవ్వ ఎప్పుడో పుట్టి ఉన్న ఆటలన్నీ ఆడేసింది, తనకు హార్మోనియం మిగిలింది.

అది పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిదో సంవత్సరం. ఉగాదికి ఇంకా వారముంది. ఎండ మండిపోతోంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాకిట్లో ఎద్దులబండి ఆగింది. ఖాసిం సాబ్ దిగాడు. ఆయనది ఎమ్మిగనూరు, దూదేకే వృత్తి. తుంగమ్మ పుట్టింటి వీధివాడు. చిన్నప్పుడు ఆయన నాయన తుంగమ్మ వాళ్ళింట్లో పరుపులకు దూది ఏకుతుంటే, గాలికి లేచే పింజలను పట్టుకునేందుకు వీళ్ళిద్దరూ పోటీపడేవాళ్ళట. ఇప్పుడు ఆయన గడ్డం ఆ పింజల రంగుకు వచ్చింది. అయినా తుంగమ్మను చూస్తే “తుంగక్కా” అంటాడు. ఆమె “ఏం ఖాసిమూ” అంటుంది.

ఆయన వచ్చింది పత్తి కోసం. ఎమ్మిగనూరులో రాట్నాల మీద నూలు వడికే ఆడవాళ్ళకు మిల్లులో మర కింద అదిమిన పత్తి పనికిరాదు. అది రాయిలా గట్టిపడిపోయి, ఏకితే పోగు ముక్కలవుతుంది. అందుకని పంపాపతి శెట్టి ఏటా వాళ్ళకోసం గింజ తీసిన మంచి పత్తి కొంత పక్కకు పెట్టి, మరకు పంపకుండా, కాళ్ళతో తొక్కించి బోరేలకు ఎత్తించేవాడు. బోరెం అంటే మనిషి నిలబడితే తల మాత్రమే కనబడేంత గోనెసంచి. ఆ పత్తి ఇప్పుడు వాకిట్లో పట్టల మీద కుప్పగా పోసి ఉంది. నాలుగు గుంజల చట్రానికి ఖాళీ బోరెం ఒకటి వేలాడుతూ ఉంది. తొక్కే మనుషులే లేరు.

“హమాలీలు యాడక్కా?” అన్నాడు ఖాసిం సాబ్.

“కోసిగికి పోయినారు. మేస్త్రి కూతురి పెండ్లంట. రేప్పొద్దున్నే వస్తారులే అని చెప్పి మా పంపాపతి మండీకి పోయినాడు.”

“రేప్పొద్దున దాకా అది ఊరుకుంటుందా?”

ఆయన చెయ్యి చూపిన వైపు అందరూ చూశారు. పడమట, హొళగుంద దిక్కున ఆకాశం వంకాయ రంగులో ఉంది. అప్పటిదాకా ఆకు కదలని వాకిట్లో చిన్న గాలి లేచింది. కుప్ప మీది నుంచి గుప్పెడు పత్తి లేచి, తొందరేం లేదన్నట్టు, గోడ దాటి వీధిలోకి పోయింది.

“అయ్యో, అయ్యో!” అంటూ కమలమ్మ దాని వెంట రెండడుగులు వేసి ఆగింది. “ఇంట్లోకి మోద్దామా?”

“మోస్తే సగం గాలికి, సగం మట్టికి,” అంది తుంగమ్మ. అరుగు మీద నుంచి లేచింది. మోకాళ్ళ నొప్పులని రోజూ మూలిగే మనిషి గోడ పట్టుకోకుండా లేచింది. “తొక్కుదాం. రత్నీ, ఆ పిల్లోళ్ళను పిల్సకరా పో!”

“పిల్లోళ్ళతోనా అత్తా?”

“మా ఊర్లో పెద్దోళ్ళు మోసేది, పిల్లోళ్ళు తొక్కేది. అడుగు వీన్ని.”

“అవునమ్మా,” అన్నాడు ఖాసిం సాబ్ తలపాగా బిగిస్తూ. “పత్తి కాలమొస్తే మేం పగలంతా బోరెంలోనే. అన్నం గూడా పైనుంచి అందించేవాళ్ళు.”

అప్పటికే రత్న వీధిలో ఉంది. పక్కింటి బడే సాబ్ కూతురు మహబూబీ పిలవకముందే గడప దాటింది. ఎదురింటి చిన్నప్ప చేతిలో బొంగరం, దానికి సగం చుట్టిన తాడు, అట్లాగే వచ్చేశాడు.

తుంగమ్మ ముగ్గురినీ వరుసగా నిలబెట్టింది. కాళ్ళు కడిగించి, తడి లేకుండా తుడిపించి, అరికాళ్ళు తిప్పి తిప్పి చూసింది. తరువాత ఒళ్ళంతా తడిమింది. మహబూబీ వెండి గొలుసులు, రత్న గజ్జెలు, జడలోని పిన్నులు, చిన్నప్ప మొలతాడుకున్న తాయెత్తు, అన్నీ తీయించి పళ్ళెంలో పెట్టించింది.

“బోరెంలోకి ఇనుము పోకూడదు, ఇత్తడి పోకూడదు, వెండి పోకూడదు. ఒక పిన్ను పడినా ఈ ముసలోని దూదేకే విల్లు నారి ఠప్పున తెగుతాది. తెలిసిందా?”

“తెలిసింది!”

“అంచు, అంచు, నడుమ. అంచులో నాలుగడుగులు, అప్పుడు నడుమకొక దుముకు. పో రత్నీ.”

రత్న నిచ్చెన ఎక్కి బోరెం నోట్లోకి చూసింది. లోపల చీకటి. కళ్ళు మూసుకుని దూకింది.

అడుగున పరిచిన పత్తి మోకాళ్ళ దాకా మింగేసింది. పైనుంచి ఖాసిం సాబ్ చేట నిండా పత్తి కుమ్మరించాడు. తల మీద, కళ్ళ మీద, నోట్లో. తుమ్మి, నవ్వి, మళ్ళీ తుమ్మి, రత్న తొక్కడం మొదలుపెట్టింది. బయట నుంచి అవ్వ గొంతు తాళం వేస్తోంది. “అంచు! అంచు! నడుమ!” పాదాల కింద పత్తి మొదట మెత్తగా దిగింది, తరువాత మొండికేసింది, తరువాత నిలిచింది. కుప్ప లోపల దాచుకున్న పొద్దుటి ఎండంతా కాళ్ళకు వెచ్చగా తగులుతోంది. పత్తి పెరుగుతుంటే రత్నా పైకి వస్తోంది. ముందు ఆకాశం ముక్క ఒకటి కనబడింది. తరువాత చట్రం. తరువాత ఖాసిం సాబ్ గడ్డం. చివరికి తల బయటికి వచ్చి వాకిలంతా కనబడేసరికి, ఊరినే గెలిచినట్టు చేతులు రెండూ ఎత్తి కేక వేసింది.

ఖాసిం సాబ్ దబ్బనంలో పురికొస ఎక్కించి బోరెం మూతి కుట్టేశాడు. రెండోది కట్టారు. చిన్నప్ప దూకాడు. వాడు అంచూ నడుమా చూడకుండా కోతిలా ఎగిరితే తుంగమ్మ కట్టెతో బోరెం బయట నుంచి వాణ్ణి పొడిచింది. “అంచురా, అంచు! నీ ఆట నాకు తెలీదా!” మూడోదానిలోకి రత్న, మహబూబీ ఇద్దరూ ఒకేసారి దిగారు. భుజాలు పట్టుకుని, ఎదురెదురుగా, ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ. తుంగమ్మ ఇక ఆగలేకపోయింది. నిచ్చెన రెండు మెట్లెక్కి బోరెంలోకి వంగి, తన చేత్తోనే పత్తి లోపలికి తోస్తూ, “తొక్కండే! ఇంకా గట్టిగా! చిన్నప్పుడు మా ఊర్లో పద్మక్కయితే ఈపాటికి రెండు బోరేలు నింపేసుండు!” అని అరిచింది. కొంగు జారింది. ముడి ఊడి నెరిసిన వెంట్రుకలు గాలికి లేచాయి. కమలమ్మ మాత్రం చేటతో తిరుగుతూ, గాలికి పారిపోతున్న ప్రతి పింజనూ వెంటపడి పట్టుకొచ్చి కుప్పలో వేస్తోంది. ఆమె పమిట చెక్కు చెదరలేదు.

నాలుగోది చిన్నప్ప ముగించాడు. పట్టల మీద పిడికెడు పత్తి కూడా మిగల్లేదు. మబ్బు ఇంకా ఊరి బయట కోటకొండల మీదే ఉంది.

“గెలిచినాం ఖాసిమూ!” అంది తుంగమ్మ. పండగలా ఒక పట్టు నస్యం వేసుకుందామని బొడ్డు దగ్గర చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ పక్క తడిమింది, ఈ పక్క తడిమింది. కొంగు దులిపింది.

“ఏమక్కా?”

“నా డబ్బీ.”

ఇనుపరేకు నస్యం డబ్బీ. అందరి పిన్నులూ గొలుసులూ ఊడబెరికించిన మనిషి తన బొడ్డులోని డబ్బీని మరిచింది.

ఖాసిం సాబ్ తల పట్టుకున్నాడు. “అల్లా! నారి తెగేది ఒక పక్కనుండనీ, మూత ఊడిందంటే? ఆ పత్తి ఏకితే మా వీధంతా తుమ్ముతాది తుంగక్కా. శెట్టి పత్తిలో నస్యమంట అని ఊరూరా చెప్పుకుంటారు.”

పిల్లలు పకపకా నవ్వారు. తుంగమ్మ నవ్వలేదు. చిన్నపిల్లలా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “మా కమలమ్మకు చెప్పొద్దండి,” అంది.

కమలమ్మ ఆమె వెనకే నిలబడి ఉంది.

రత్న అవ్వ పక్కకు జరిగింది. గిన్నె, మరక, పెట్టె, అన్నీ ఇప్పుడు ఒకేసారి బయటికి వస్తాయనుకుంది. కానీ కమలమ్మ కోప్పడలేదు. చేట కింద పెట్టి, “ఏ బోరెంలోకి వంగినారత్తా?” అని అడిగింది.

“అన్నిట్లోకీ వంగినా తల్లీ. సంతోషంలో యాది లేదు.”

“తొక్కేటప్పుడు కాలి కింద ఎవరికన్నా గట్టిగా తగిలిందా?”

రత్న ముందుకొచ్చింది. “తగిలిందమ్మా! మూడోదాంట్లో. మడమ కింద. గింజ ముద్ద ఏమో అనుకున్నా. పత్తి నడుం దాకా వచ్చినప్పుడు.”

కమలమ్మ చాకు తెచ్చి మూడో బోరెం కుట్టు తెంపింది. దాన్ని మళ్ళీ చట్రానికి కట్టి, పై సగం పత్తి తోడి పట్టల మీద పోశారు. చిన్నప్పను తలకిందులుగా దింపి కాళ్ళు పట్టుకున్నారు. లోపల నుంచి వాడు “దొరికె! దొరికె!” అని అరిచాడు. మూత గట్టిగానే ఉంది. పైకి లాగగానే తుంగమ్మ డబ్బీ లాక్కుని, మూత తీసి, ఒక పట్టు పీల్చి, ఇల్లదిరేలా తుమ్మింది.

ఆ తుమ్ముకు జవాబన్నట్టు కొండల మీద ఉరిమింది.

గాలి తిరిగింది. పట్టల అంచులు లేచాయి. పక్కింటి మిద్దె మీద నుంచి మహబూబీ వాళ్ళమ్మ దస్తగిరమ్మ, “మహబూబీ! ఆరేసిన మిరపకాయలు ఎత్తల్ల, రావే!” అని కేకేసింది. చిన్నప్పను వాళ్ళ నాయన చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. వాకిట్లో తోడిపోసిన పత్తి ఎగరడానికి సిద్ధంగా ఉంది. రత్న బోరెంలోకి దూకింది గానీ, ఇద్దరు తొక్కి నింపిన పత్తి ఒక్కతే ఎంత తొక్కినా తొందరగా దిగడం లేదు. “బరువు సాలదు,” అన్నాడు ఖాసిం సాబ్. ఆయన ఒక చేత్తో పట్ట అదిమిపట్టి, ఇంకో చేత్తో పత్తి ఎత్తుతున్నాడు. తుంగమ్మ నిచ్చెన మీద కాలు పెట్టింది. మోకాలు ముడుచుకోలేదు. ఇంకోసారి పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“దిగండత్తా,” అంది కమలమ్మ. “నేను పోతా.”

“మరి నీ మెట్టెలు?”

అవును, మెట్టెలు. ముత్తైదువ మెట్టెలు తీయకూడదు. మెట్టెలతో బోరెంలో దిగకూడదు.  కమలమ్మ తన పాత చీర చెంగు నుంచి రెండు పేలికలు చించి, వేళ్ళతో సహా మెట్టెలను బిగించి కట్టుకుంది. ముడి లాగి చూసుకుంది. మంగళసూత్రాన్ని రవికలోకి దోపుకుంది. ముక్కుపుడక మర తిప్పి చూసుకుంది. కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని నిచ్చెనెక్కింది. పైన ఒక్క క్షణం ఆగింది. ఇంతవరకూ రత్న తన తల్లి గెంతడం చూడలేదు.

“దుముకమ్మా!” అని అరిచింది లోపల నుంచి.

కమలమ్మ దూకింది. దూకుతూ ఒక కేక వేసింది. ఆ కేక ఇద్దరి మీదా పత్తి పడేలోగా నవ్వయింది. మామూలుగా పళ్ళు కనబడకుండా నవ్వే నవ్వు కాదు. కడుపులో నుంచి, ఆగకుండా, ఎక్కిళ్ళు పడుతూ వచ్చే నవ్వు. రత్నకు మొదట భయం వేసింది. తరువాత తనకూ అంటుకుంది.

“అంచు! అంచు! నడుమ!” తుంగమ్మ గొంతు గాలికి విరిగి విరిగి వినబడుతోంది.

తల్లీ కూతురూ భుజాలు పట్టుకుని తొక్కారు. బోరెం ఇరుకు. అమ్మ చెమట వాసన, గోనె వాసన, పత్తి వాసన. కమలమ్మ అడుగు మొదట తడబడింది. నాలుగు చుట్లకు కుదిరింది. ఆపైన రత్నే ఆమెను అందుకోవాల్సి వచ్చింది.

“అమ్మా, నువ్వు చిన్నప్పుడు తొక్కినావా?”

“యాడ తొక్కేది?” కమలమ్మ రొప్పుతూ అంది. “మా ఇంట్లో వీధి వైపు ఒక కిటికీ ఉండేది. పిల్లోళ్ళు ఆడుతుంటే అందులోంచి సూసేదాన్ని. ఎవరు ఓడినారో, ఎవరు దొంగాట ఆడినారో అన్నీ తెలిసేవి నాకు.”

“నువ్వు ఆడలేదా?”

“నేను ఈ ఇంటికి వచ్చిన పొద్దు మీ అవ్వ, బారకట్ట ఆడదాం రామ్మా అనింది. నాకు రాదన్నా. సిగ్గుపడి అంటాండాదని అందరూ నవ్వినారు.” నడుమకు ఒక దుముకు దూకింది. “నిజంగానే రాదు రత్నీ.”

 రత్న తల్లి భుజాలను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. కమలమ్మ మళ్ళీ నవ్వడం మొదలుపెట్టి, “అంచు!” అని తానే అరిచింది.

పెద్ద పెద్ద చినుకులు పట్టల మీద టపటపా పడే వేళకు వీధి తలుపు తోసుకుని పంపాపతి శెట్టి వచ్చాడు. గొడుగు గాలికి తిరగబడి పువ్వులా విచ్చుకుని ఉంది. వాకిట్లో కట్టేసిన మూడు బోరేలు, చట్రానికి ఊగుతున్న ఇంకొకటి, జుట్టు విరబోసుకున్న తల్లి, పట్టల మీద పొర్లుతున్న ఖాసిం సాబ్.

“ఏమమ్మా ఇది! ఎవరు తొక్కినారు? కమల యాడ?”

“నీ పెండ్లాము బోరెంలో ఉండాది,” అంది తుంగమ్మ.

“యాడ?”

బోరెం లోపల నవ్వు ఠక్కున ఆగిపోయింది. కమలమ్మ చేత్తో నోరు మూసుకుంది. కళ్ళు మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాయి. మెల్లగా ఆమె తల పైకి లేచింది. ఏనాడూ పాపిట చెదరని ఆ తల నిండా పత్తి. భర్త మొహంలోకి సూటిగా చూసి, “ఆ పక్క తాడు వదులైంది. పట్టుకోండి,” అంది.

పంపాపతి శెట్టి గొడుగు పారేసి తాడు పట్టుకున్నాడు.

చివరి చేట పడింది. చివరి దుముకు దూకారు. ఖాసిం సాబ్ తడుస్తూనే దబ్బనం దూశాడు. అందరూ కలిసి నాలుగు బోరేలను దొర్లించి, తోసి, లాగి పడసాలలోకి చేర్చారు. తలుపు మూసేసరికి వాన దభీమని దిగింది. ఒక్క బోరెం కూడా తడవలేదు. ఇంట్లోవాళ్ళంతా తడిశారు.

పడసాల బోరేలతో నిండిపోవడంతో రేకుపెట్టె ఎక్కడో వాటి వెనక్కి పోయింది. పంపాపతి శెట్టి రోజూ పీట వేసుకుని ఒక్కడే తినే చోట ఇప్పుడు కాలు పెట్టే సందు లేదు. అందుకని ఆ సాయంత్రం అందరూ వంటింట్లోనే కూర్చున్నారు. పొయ్యి ముందు కమలమ్మ జొన్నరొట్టెలు తడుతోంది. ఒక పక్క తుంగమ్మ, ఒక పక్క పంపాపతి శెట్టి, నడుమ రత్న. ఖాసిం సాబ్‌కు పడసాలలో గడప పక్కన మిగిలిన కాస్త చోట విస్తరి వేశారు. అక్కడి నుంచే మాట కలుపుతున్నాడు. కొత్త వెన్న, శెనక్కాయ కారం, వేడి వేడి రొట్టె. బయట తూములు పారుతున్నాయి.

“ఇట్లాంటి రొట్టె ఎన్నాళ్ళయింది తిని,” అన్నాడు పంపాపతి శెట్టి. పెనం మీది నుంచి నేరుగా ఆకులో పడిన రొట్టె ఆయనకు పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి కావచ్చు. ఇంకొకటి తీసుకుని, సంతోషంగా, పని ముగించే గొంతుతో అన్నాడు. “శుక్రవారానికి జట్కా కూడా చెప్పేసినా. రత్నను నేనే దించి వస్తా బళ్ళారిలో.”

రత్న చేతిలోని ముక్క నోటిదాకా పోలేదు.  తుంగమ్మ ఏదో అనబోయి, కోడలి వీపు చూసి, మానుకుంది.

కమలమ్మ రొట్టె తిప్పింది. రెండో వైపు పొంగేదాకా ఆగింది. తీసి అత్త ఆకులో వేసింది. అప్పుడు ఇటు తిరిగింది. చెవి పక్కన చిన్న పింజ ఒకటి ఇంకా అంటుకునే ఉంది.

“జట్కా వద్దని చెప్పండి,” అంది. “రత్న బళ్ళారికి పోదు.”

“అదేమి? నువ్వే గదా మీ అక్కకు మాట ఇచ్చినావు?”

“అక్కకు నేనే చెప్పుకుంటా. ఈడ బడి ఉండాది, సదువుకుంటాది. బడి విడిస్తే వీధి ఉండాది.” ఎప్పటిలాగే గొంతు చిన్నదే. అయితే కోపం లేదు. “ఇంకొక మాట. రేప్పొద్దున వాన నిలిస్తే ఖాసిం సాబ్ బండి ఎమ్మిగనూరు పోతాది గదా. అత్త, రత్న, నేను, ముగ్గురమూ దాంట్లోనే పోయి, అత్త ఆడిన వీధులు సూసి వస్తాం.”

“బోరేల బండిలోనా!” పంపాపతి శెట్టి రొట్టె కింద పెట్టాడు. “కూర్చునేదానికి చోటు యాడుంటుంది?”

“బోరేల మీద,” అంది కమలమ్మ.